ఇందల్వాయి ఘాటు దిగితే...

హైదరాబాద్‌లో నిజామాబాద్ బస్సెక్కి కిటికీ పక్క సీటు దొరకబుచ్చుకున్నారనుకోండి. మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి... అక్కడిదాకా హాయిగా నిద్రపోయినా మీకు పెద్ద నష్టం లేదు. కామారెడ్డి, సదాశివనగర్ దాటాక మాత్రం కళ్ళు తెరవాలి. రోడ్డుకు రెండు పక్కలా అడవి దగ్గరికి జరుగుతుంది. టేకు చెట్లు, మోదుగులు, గుట్టల మీద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు. రోడ్డు పక్కన కోతులు కుటుంబసమేతంగా కూర్చుని, బస్సులోంచి ఎవరైనా అరటిపండు విసురుతారేమోనని చూస్తుంటాయి. అదే ఇందల్వాయి ఘాటు. ఘాటు అన్నానని శ్రీశైలం మలుపులు ఊహించుకోకండి. పాటలు పాడుకుంటూ దిగిపోయేటంత ఎత్తే! ఇప్పుడు నాలుగు వరసల రోడ్డు వచ్చాక ఆ మాత్రం కూడా తెలియడం లేదు.

ఒకప్పుడు దీన్ని 7వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడు 44. శ్రీనగర్‌లో మొదలైన లారీ కన్యాకుమారి పోవాలంటే మా ఊరి టోల్‌గేటు దగ్గర ఆగి సుంకం చెల్లించుకోవలసిందే. ఈ సంగతి చెప్పుకుని మేం కొంచెం గర్వపడుతూ ఉంటాం. పెద్దగా గర్వపడడానికి ఊళ్ళో ఇంకేమున్నాయని అడక్కండి.

నేను ప్రతి ఏడూ ఆశ్వయుజంలోనే ఊరికి పోతాను. వానలు వెనక్కి తగ్గి, ఆకాశం కడిగిన ఇత్తడి బిందెలా మెరిసే రోజులవి. ఘాటులో తంగేడు పసుపుపచ్చగా విరగబూసి ఉంటుంది. చేల గట్ల మీద గునుగు తెల్లగా, కొసన గులాబి రంగుతో తలలూపుతుంటుంది. బుట్టల నిండా సీతాఫలాలు పెట్టుకుని ఆడవాళ్ళు రోడ్డు పక్కన కూర్చుంటారు. కన్ను విచ్చిన కాయ ఏదో, రెండు రోజులాగి తినవలసినది ఏదో చేత్తో తాకకుండానే చెప్పేస్తారు. బేరం ఆడకండి. ఆ కాయ కోసం తెల్లవారకముందే గుట్టెక్కి ఉంటారు.

రైలులో పోయినా మా ఊరు తగులుతుంది. 1900 ప్రాంతంలో నిజాం కాలాన సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా వేసిన మీటర్ గేజి లైను ఇది. కామారెడ్డి, ఉప్పల్వాయి, సిర్నాపల్లి, ఇందల్వాయి, డిచ్‌పల్లి... స్టేషన్ల పేర్లు మాకు ఎక్కాల్లాగా వచ్చేవి. సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన రాణి జానకీబాయి పట్టుబట్టి రైలుదారిని తన ఇలాకా మీదుగా వేయించిందని మా వైపు ముసలివాళ్ళు చెప్పుకుంటారు. ఆమె గడి సిర్నాపల్లిలో ఇంకా ఉంది. వానాకాలంలో అక్కడి జలపాతం చూడడానికి ఇప్పుడు కుర్రకారు మోటార్‌సైకిళ్ళ మీద ఎగబడుతున్నారు. డిచ్‌పల్లిలో దిగితే గుట్ట మీద ఖిల్లా రామాలయం చూడొచ్చు. ఆ శిల్పాలు చూసి దానికి ఇందూరు ఖజురాహో అని పేరు పెట్టారు. ఇందూరు అంటే నిజామాబాదే లెండి. అన్నట్టు సినిమా పాటలంటే ఇష్టమున్న మీకు ఇది చెప్పాలి... 1961 నుంచి మనకు చక్కటి సినిమా పాటలు రాసిన దాశరథిగారు నిజాం రాజ్యంలో ఖైదీగా ఉన్నది ఆ నిజామాబాద్ ఖిల్లా జైలులోనే.

మరి ‘ఫిదా’ చూశారు కదా, 2017లో? ఆ బాన్సువాడ కూడా మా వైపుదే. అందులో సాయిపల్లవి మాట్లాడిన తీరును మీ ఊళ్ళో ఎట్లా విన్నారో గాని, మా ఇళ్ళల్లో మాత్రం ‘గిది మన పిల్లనేనా?’ అని ఆశ్చర్యపోయారు.

ఇందల్వాయి నుంచి ఆర్మూర్ వైపు పోతే పసుపు చేలు మొదలవుతాయి. మృగశిర కార్తె వానలకు విత్తనం పడితే తవ్వకం మాఘ ఫాల్గుణాల్లోనే. తొమ్మిది నెలల పంట. అందుకే మా అమ్మ దాన్ని కడుపుతో ఉన్నదానిలా చూసుకుంటుంది. తవ్విన దుంపను కడాయిల్లో ఉడకబెట్టాలి, పదిహేను రోజులదాకా ఎండబెట్టాలి, డ్రమ్ముల్లో వేసి తిప్పి పాలిష్ పట్టాలి. అప్పుడు కాడి వేరు, గోళ వేరు చేసి నిజామాబాద్ యార్డుకు తోలుకుపోతే, అక్కడ ధర ఎంత పలుకుతుందో దేవుడికెరుక. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేశారంటే మీకు నవ్వు రావచ్చు. వాళ్ళలో 178 మంది రైతులు. పసుపుకు మద్దతు ధర కావాలి, బోర్డు కావాలి అని వేసిన నామినేషన్లవి. ఆ బోర్డు నిజామాబాద్ కేంద్రంగా 2025 జనవరిలో సంక్రాంతి నాడు మొదలైంది. ఆ సంగతి చెప్తే మా అమ్మ, ‘మంచిదే గాని, ధర సూద్దాం’ అన్నది.

దసరా నాటికి పసుపు ఆకు నడుం దాకా వస్తుంది. ఉదయాన చేను గట్టు మీద నడిస్తే తడి ఆకులు మోకాళ్ళకు రాసుకుని ఒక వాసన వస్తుంది. వంటింట్లో డబ్బా మూత తీస్తే వచ్చే వాసన కాదు. పచ్చి వాసన, మట్టి కలిసినది. ఆ వాసన తగిలిందంటే నాకు వెంటనే పదకొండేళ్ళు వచ్చేస్తాయి. 1990 వచ్చేస్తుంది.

నేనిక్కడ చెప్పాలనుకున్నది ఆ ఏడాది గురించే. ఇంతసేపు దారి చూపించినట్టు చూపించి దాటవేస్తూ వచ్చాను.

మా బాపు కువైట్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు. ఇది మా జిల్లాలో వింత కాదు. ప్రతి వీధిలో ఒకరు దుబాయిలోనో, మస్కట్‌లోనో, కువైట్‌లోనో ఉండేవారు. ఏ దేశంలో ఉన్నా ఊళ్ళో మాత్రం ‘దుబాయి పోయిండు’ అనేవారు. ఆడవాళ్ళు ఇంటిదగ్గర బీడీలు చుట్టేవారు. మా అమ్మ కూడా అంతే. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, తడిగుడ్డలో చుట్టిపెట్టిన తునికాకు. కత్తెరతో ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం... చేతులు వాటంతటవే ఆడుతుంటే నోరు పక్కింటామెతో ముచ్చట్లు పెడుతుండేది. మూతులు ముడవడం మాత్రం పిల్లల పని. బడి నుంచి రాగానే అక్కా నేనూ పక్కపక్కన కూర్చుని మూతులు ముడిచేవాళ్ళం. 25 బీడీలు ఒక కట్ట. వెయ్యి అయితే ఒక రోజు గడిచినట్టు. నా బొటనవేలు గోరు కింద ఎప్పుడూ ఒరుసుకుపోయి ఉండేది.

బాపు సెలవు మీద వచ్చినప్పుడు ఒక టూ ఇన్ వన్ తెచ్చాడు. ఇప్పటి వయసువాళ్ళకు దాని మహిమ చెబితే అర్థం కాదు. రేడియో, టేపురికార్డరు ఒకే పెట్టెలో. ఎర్ర మీట నొక్కితే రేడియోలో వచ్చే పాట క్యాసెట్‌లోకి ఎక్కిపోతుంది! ఉత్తరాలకు బదులు కూడా క్యాసెట్లే వచ్చేవి. అక్కడ నలుగురు ఒక గదిలో కూర్చుని, తలా ఒక క్యాసెట్‌లో మాట్లాడి, సెలవు మీద వచ్చే ఎవరో ఒకరి చేతికిచ్చి పంపేవారు. ఊళ్ళో అది విన్నంతసేపూ ఇల్లంతా నిశ్శబ్దం. నాయనమ్మ మాత్రం యంత్రానికి జవాబు చెప్పేది. ‘ఆ... మంచిగనే ఉన్నం బిడ్డా’ అని.

1990 జూన్‌లో అట్లాంటి క్యాసెట్ ఒకటి వచ్చింది. మొదటి వైపు మా అందరికి. నాకు చెప్పవలసినవి నాకు, అక్కకు చెప్పవలసినవి అక్కకు, నాయనమ్మకు మోకాళ్ళ నొప్పుల మందు సంగతి. చివర ‘ఇగ ఆపుతున్న’ అన్నాడు. అయిపోయిందనుకున్నాను. రెండోవైపు ఉందని నాకు తెలియదు. అమ్మ మేం నిద్రపోయాక, చప్పుడు బాగా తగ్గించి ఒక్కతే విన్నదట. ఆ మర్నాడు నేను బడి నుంచి వచ్చి చాట ముందు కూర్చుంటే నా చేతిలోంచి బీడీలు లాక్కున్నది. ‘పో, నీ పని సూస్కపో’ అన్నది. ఎందుకో అర్థం కాలేదు. అడగనూ లేదు. పని తప్పిందంటే పిల్లవాడు కారణాలు అడుగుతాడా?

తీరిక దొరికింది. చేతిలో టూ ఇన్ వన్ ఉంది. ఆ ఏడు మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైంది. చిరంజీవి, శ్రీదేవి, ఇళయరాజా... ఇంకేం కావాలి? అంతకుముందు ఏడాదే ‘గీతాంజలి’, ‘శివ’. రేడియోలో ఎప్పుడు ఏ పాట వస్తుందో తెలియదు కనుక మీట మీద వేలు పెట్టుకుని కాపలా కాసేవాణ్ణి. ఖాళీ క్యాసెట్ కొనడానికి డబ్బులెక్కడివి? అమ్మ బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయినప్పుడు సందుగ తెరిచి బాపు క్యాసెట్ తీశాను. బాపు మాటలున్న వైపు ముట్టుకోలేదు. నేనంత బుద్ధిమంతుణ్ణి! రెండోవైపు ఖాళీ అనుకుని పాటలు ఎక్కించాను. ఒక్కరోజు కాదు, నెల పైన. అనౌన్సరు గొంతు పడకుండా, పాట మధ్యలో తెగకుండా జాగ్రత్తగా ఎక్కించి, మళ్ళీ సందుగలో పెట్టేవాణ్ణి.

ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది.

మాకు ఆ సంగతి ఆ టూ ఇన్ వన్‌లోనే తెలిసింది. అప్పటిదాకా పాటల పెట్టెగా ఉన్నది వార్తల పెట్టె అయిపోయింది. కువైట్‌లో మనుషులున్న ఇళ్ళవాళ్ళు సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. బస్రా, బాగ్దాద్, అమ్మాన్... ఇందల్వాయి అరుగు మీద ఎవరూ అంతకుముందు పలకని పేర్లు. ఉత్తరాలు లేవు, డబ్బు లేదు, ఎవరి కబురూ లేదు. అమ్మాన్ నుంచి మనవాళ్ళను విమానాల్లో బొంబాయికి తెస్తున్నారని వార్తల్లో చెప్పేవారు. రెండు నెలల్లో లక్షకు పైగా మనుషుల్ని తెచ్చారు. దాని మీద 2016లో అక్షయ్‌కుమార్ ‘ఎయిర్‌లిఫ్ట్’ వచ్చింది. చూశారు కదా? నేను నిజామాబాద్‌లో బాపుతో కలిసి చూశాను. సినిమా అన్నాక ఒక హీరో ఉండాలి, లక్షమందిని ఆయనే నడిపించాలి. బయటికి వచ్చాక బాపు, ‘గింత నీట్‌గా ఎవ్వలున్నర్రా ఆడ?’ అని మాత్రం అన్నాడు.

సెప్టెంబరు మూడోవారంలో పెత్రమావాస్య వచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ ఆడనన్నది. నాయనమ్మ ఊరుకోలేదు. ‘గౌరమ్మకు పసుపు పెట్టక నీ పుస్తెలకు ఏం పెడ్తవే?’ అని కేకలేసింది. మీలో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బతుకమ్మ మీద పసుపు ముద్దతో గౌరమ్మను చేసి పెడతారు. చెరువులో బతుకమ్మను విడిచాక ఆ గౌరమ్మ పసుపును తీసి పెళ్ళైన ఆడవాళ్ళు తమ పుస్తెలకు పూసుకుంటారు. మా చేను పసుపే అది. ఎనిమిది రోజులు అమ్మ గుంపులో వెనక నిలబడి చప్పట్లు కొట్టింది గాని పాట ఎత్తుకోలేదు. తొమ్మిదోనాడు సద్దుల బతుకమ్మ. మలీద ముద్దలు, నువ్వుల సద్ది. చెరువు కాడ పసుపు పూసుకునేటప్పుడు ఆమె చెయ్యి వణకడం నేను చూశాను. పక్కవాళ్ళు చూడనట్టు మొహం తిప్పుకున్నారు. వాళ్ళలో ఇద్దరి మగవాళ్ళు అప్పటికే తిరిగొచ్చారు మరి.

ఆ రాత్రి అమ్మ సందుగ తెరిచింది.

నేను పడుకుని కళ్ళు మూసుకుని ఉన్నాను. మీట నొక్కిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇళయరాజా వయొలిన్లు! అప్పుడర్థమైంది నాకు, అమ్మ ఏ వైపు పెట్టిందో, ఆ వైపు ఏముండేదో. అమ్మ ఆపలేదు. లేచి నన్ను నాలుగు తంతుందని దుప్పట్లో ముడుచుకున్నాను. తన్నలేదు. ఒక పాట అయింది, ఇంకో పాట. చిరంజీవి పాట, నాగార్జున పాట, మళ్ళీ చిరంజీవి పాట. ఆమె అట్లాగే కూర్చుంది. పాటలన్నీ అయిపోయాయి. టక్కుమని ఒక చప్పుడు, ఆ తర్వాత బాపు దగ్గు.

‘...ఇగ రీలు అయిపోవట్టె. దసరకు పిల్లలకు కొత్త బట్టలు కుట్టియ్యి. పైలం.’

అంతే. నా పాటలు సరిపోక మిగిలిన ముక్క అది. అమ్మ రీలు కొంచెం వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మళ్ళీ తిప్పింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. ఆమె నన్ను ఆ రాత్రి గాని, మర్నాడు గాని ఒక్క మాట అనలేదు. కొట్టి ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

బాపు దసరా అయిన మూడోనాటి పొద్దున వచ్చాడు. బొంబాయి నుంచి మన్మాడ్, అక్కడ మీటర్ గేజి బండి మారి నిజామాబాద్, అక్కడి నుంచి పాసింజరు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, ఒంటిమీద ఎవరో ఇచ్చిన, కొలతకు మించిన చొక్కా. ఊరికి వచ్చినప్పుడల్లా రెండు పెట్టెలు దింపే మనిషి! నాయనమ్మ నన్ను ముందుకు తోసి, గూట్లో దాచిన జమ్మి ఆకు నా చేతిలో పెట్టింది. అది అప్పటికే ఎండి గలగలమంటున్నది. మా వైపు జమ్మిని బంగారం అంటారు, తెలుసు కదా? పెద్దవాళ్ళ చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాం. ‘బంగారం తీస్కో బాపూ’ అన్నాను. సినిమాలో అయితే ఇక్కడ ఒక పాట పెట్టేవారు. మా బాపు మాత్రం ఆ ఆకును చొక్కా జేబులో వేసుకుని, ‘ముందుగాల నీళ్ళు తోడుండ్రి, తానం జెయ్యాలె’ అన్నాడు.

మళ్ళీ పోలేదు. ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం కొన్నేళ్ళకు వస్తే దానితో బోరు వేయించి పసుపు పెంచాడు. ఆరేళ్ళ కిందట పోయాడు. క్యాసెట్ సంగతి అమ్మ ఆయనకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఈసారి నేను ఊరికి పోయింది అమ్మను హైదరాబాద్ తీసుకుపోదామని. అక్క కూడా అదే అన్నది. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే, ఆ ఇంట్లో. ఎకరం పసుపు కౌలుకిచ్చేస్తే సరిపోతుంది. ఎంగిలిపూల నాడు రాత్రి భోజనాలయ్యాక మాట ఎత్తాను. అమ్మ వినిపించుకోనట్టు రేపటి పువ్వు తడిగుడ్డలో చుడుతూ ఉన్నది. తునికాకు చుట్టినట్టే, అదే చేతివాటం. అక్క మాట మార్చడానికి సందుగ తెరిచి ఆ క్యాసెట్ పైకి తీసింది. టూ ఇన్ వన్ ఎప్పుడో పోయింది. ఇప్పుడు దాన్ని వినే యంత్రమే ఇంట్లో లేదు. నాకు ముప్పై ఏళ్ళ పైన గొంతులో అడ్డుపడ్డ మాట అప్పుడు బయటికి వచ్చింది.

‘అమ్మా, రెండో దిక్కు బాపు ఏం జెప్పిండు?’

అమ్మ గునుగు కట్ట కింద పెట్టింది. కొంచెం సేపు తలుచుకుంటుందేమో అనుకున్నాను. తలుచుకోవలసిన అవసరమే లేదు ఆమెకు. ఎక్కం చెప్పినట్టు చెప్పుకుపోయింది. విత్తనం పసుపు ఎంత ఉంచాలె, ఎవరికి ఎంత బాకీ కట్టాలె, నాయనమ్మ మాట పట్టించుకోకు, బర్రెను అమ్మకు. ఎక్కడ దగ్గాడో కూడా చెప్పింది. చివరికొచ్చి నా వైపు చూసింది.

‘పిలగానితోని బీడీలు ముడిపియ్యకు అన్నడు. ఆని గోర్లు సూసి పోయిన, మనసున పట్టలేదు అన్నడు. ఏదన్న ఆడుకోనియ్యి, పాటలు ఇననియ్యి అన్నడు.’

అక్క నా మొహం చూసి బయటికి పోయింది. నేనేదో అనబోయాను గాని అమ్మ దీపం ఆర్పడానికి లేచింది.

‘హైదరబాదు సంగతి పసుపు తవ్వినంక సూద్దాం. పొద్దుగాల తంగేడు పువ్వుకు ఘాటుకు పోవాలె, నువ్వే బండి మీద తోల్కపోవాలె. పండు ఇగ.’